తలగడల కింద మాత్రలు

పోయినవారం మనం డాక్టరమ్మను ఆసుపత్రి మెట్ల మలుపులో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. కింది మెట్టు మీద ఆడపడుచు, పై మెట్టు మీద కీళ్ళ డాక్టరు, మధ్యన ఆవిడ. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటని ఎవరైనా అడిగితే ఆ మూడు మెట్లు చూపిస్తే చాలు.

"మా అమ్మ మీద ప్రయోగం చేస్తావా?" అని కింది నుంచి ఆడపడుచు.

"జ్వరం తగ్గలేదు. కీలు లోపల చీము చేరినట్టుంది. ఇవాళే మళ్ళీ తెరిచి కడగాలి. ఇంట్లోవాళ్ళతో సంతకం పెట్టించండి" అని పైనుంచి కీళ్ళ డాక్టరు.

ఇప్పుడే కథలోకి అడుగుపెట్టినవాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. మన డాక్టరమ్మ ఆ ఆసుపత్రి ల్యాబులో డాక్టరు. రోగుల పుళ్ళలోంచీ రక్తంలోంచీ వచ్చిన సూక్ష్మజీవులను గాజు పళ్ళేల్లో పెంచి, ఏది ఏ మందుకు చస్తుందో, ఏది చావదో చూసి చెప్పడం ఆవిడ పని. ఆపరేషన్ అయిన ప్రతివాళ్ళకూ ఐదు రోజులు యాంటీబయాటిక్ మింగించడం ఆ ఆసుపత్రికి ఏనాటి నుంచో అలవాటు. చీము పట్టకుండా ముందు జాగ్రత్త అట. ఆవిడ కాదంది. "కత్తి పెట్టే ముందు ఒక్క డోసు ఇవ్వండి. కోత పడే వేళకు మందు ఒంట్లో సిద్ధంగా ఉండాలి. కుట్లు పడ్డాక ఇక దాని పని అయిపోయింది, ఆపెయ్యండి. అక్కర్లేనప్పుడు మింగిస్తూ పోతే అక్కరపడ్డ రోజున ఏ మందూ పనిచెయ్యదు" అని మీటింగు మీద మీటింగు పెట్టించి, అందరితో తిట్లు తిని, చివరికి రూలు తెప్పించింది. అప్పటి నుంచి ఆసుపత్రిలో ఆవిడ పేరు ఒక్కడోసు డాక్టరమ్మ. కీళ్ళ డాక్టరు ఒక్కడే చివరిదాకా ఒప్పుకోలేదు. "రూలు కాబట్టి పాటిస్తాను. మంచి జరిగితే మీది, చెడు జరిగితే కూడా మీదే" అన్నాడు.

మంచే జరిగింది. నెలలు గడిచాయి. చీము పట్టిన కుట్లు పెరగలేదు సరికదా, మునుపటికంటే తగ్గాయి. ఇవాళ మధ్యాహ్నం పెద్ద మీటింగు. ఈ ఆసుపత్రికి ఉన్న మిగతా శాఖల్లో కూడా ఈ రూలు పెట్టాలా వద్దా అన్నది అక్కడ తేలుతుంది. సరిగ్గా ఇలాంటి రోజునే ఆవిడ సొంత అత్తగారు, ఇక్కడే మోకాలు మార్పించుకున్న మనిషి, జ్వరంతో మూలుగుతోంది. ఊరందరినీ ఒప్పించిన రూలు ఇంట్లోకొచ్చి కాటేసింది.

సరే, మెట్ల దగ్గరికి పోదాం.

"సార్, నేనొకసారి మళ్ళీ చూసి వస్తాను. అప్పటిదాకా ఆగండి" అంది డాక్టరమ్మ.

"చూడండి. కాని ఎక్కువసేపు ఆగలేను. థియేటరు సిద్ధం చెయ్యమన్నాను. పెద్ద మందు కూడా మొదలుపెట్టాలి" అని ఆయన పైకి వెళ్ళిపోయాడు. ఆయన గొంతులో ఎత్తిపొడుపు లేదు. అదే డాక్టరమ్మను భయపెట్టింది. ఎగతాళి చేసి ఉంటే పోట్లాడి ఉండేది.

అత్తగారిని ఆడవాళ్ళ వార్డు చివర్లో ఉన్న చిన్న గదిలో ఉంచారు. స్టాఫు కుటుంబం కాబట్టి ఆ మాత్రం మర్యాద. ఆవిడ సిటీ బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఉద్యోగమంతా ఊగే బస్సులో నిలబడి గడిపితే మోకాళ్ళు మిగులుతాయా? మోకాళ్ళు పోయాయి గాని గొంతు పోలేదు. ఆవిడ ఇంట్లో "ముందుకు జరగండి" అంటే పక్కింటివాళ్ళు కూడా జరిగేవారు. ఇప్పుడు ఆ గొంతు తలగడలోకి కూరుకుపోయి ఉంది.

డాక్టరమ్మ దుప్పటి తీసి కట్టు విప్పి చూసింది. కుట్లు పొడిగా ఉన్నాయి. చుట్టూ కొంచెం వాపు, కొంచెం వేడి; కొత్త మోకాలికి ఆ మాత్రం ఉంటుంది. నొక్కితే చీము లేదు, వాసన లేదు. చెయ్యి పైకి జరిపి పొట్ట మీద వేసేసరికి అత్తగారు "అమ్మా" అని ముడుచుకుపోయింది. మోకాలు ముట్టుకుంటే అరవని మనిషి పొట్ట ముట్టుకుంటే అరిచింది.

అప్పుడే ఆయా కొత్త దుప్పటి తెచ్చింది. "మళ్ళీనా అమ్మా? పొద్దున్నుంచీ మారుస్తూనే ఉన్నాను" అని గొణిగింది.

"మళ్ళీ ఏంటి? విరేచనాలా?"

"నీళ్ళేనమ్మా. నిన్నటి నుంచీ."

డాక్టరమ్మ ఆడపడుచు వైపు తిరిగింది. "వదినా, నాకు చెప్పలేదేం?"

"చెప్పడానికి అదేమైనా పెద్ద విషయమా? ఇక్కడి తిండి పడలేదు, అంతే. మోకాలి సంగతి చూడమంటే పొట్ట సంగతి అడుగుతావేంటి?" అంది ఆడపడుచు. ఆవిడ కుట్టుపని చేస్తుంది. మాట కూడా కత్తెర పెట్టి కత్తిరించినట్టే ఉంటుంది. తమ్ముడి పెళ్ళాం అంటే ఆవిడకు ఇష్టమే. కాని తల్లి తర్వాతే ఎవరైనా.

డాక్టరమ్మ బుర్ర గిర్రున తిరగడం మొదలైంది అక్కడే. ఈ రకం జ్వరం, ఈ రకం పొట్టనొప్పి, ఈ నీళ్ళ విరేచనాలు ఆవిడకు కొత్త కాదు. రోజుల తరబడి యాంటీబయాటిక్ మింగినవాళ్ళకు ఇది వస్తుంది. ఆ మందు పేగుల్లో ఉండే మంచి జీవులను కూడా ఊడ్చిపారేస్తే, దానికి చావని మొండి పురుగొకటి ఖాళీ ఇల్లు దొరికిందని కాపురం పెడుతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే. దీనికి చేయాల్సిన మొదటి పని ఆ మందు ఆపడం. ఆపకపోగా ఇంకా పెద్ద మందు ఎక్కిస్తే పేగులు పుండైపోతాయి, పెద్దప్రాణం తట్టుకోలేదు.

అంతా సరిపోయింది. ఒక్కటే సరిపోలేదు. అత్తగారు రోజుల తరబడి మందు మింగలేదు కదా! పడింది ఒక్క డోసు. ఒక్క డోసుకు కూడా రాకూడదని లేదు గాని, అది చాలా అరుదు. మరి ఇదెక్కడిది? తనకు కావాల్సిన జవాబు వైపుకు తానే బుద్ధిని లాక్కుపోతోందా? రూలు తప్పని ఒప్పుకోలేక మోకాలి జ్వరాన్ని పొట్టకు అంటగడుతోందా? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనుషులను ఆవిడ చాలామందిని చూసింది. వాళ్ళలో తానూ ఒకతేనేమో.

ఆలోచిస్తూ ఆలోచిస్తూ ఆవిడ చూపు ఆడపడుచు చేతిసంచి మీద ఆగింది.

"వదినా, కోపం తెచ్చుకోకండి. అత్తయ్యకి నాకు తెలియకుండా మీరేమైనా ఇచ్చారా?"

ఆడపడుచు ముఖం ఒక్కసారిగా ఎర్రబడింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు సంచి వెనక్కి లాక్కుంది. "నేనా? నేనేమిస్తాను? ఏం అడుగుతున్నావో తెలిసే అడుగుతున్నావా?"

"ఇచ్చారు."

"ఇవ్వలేదు."

"వదినా!"

"ఇచ్చాను! అయితే ఏంటి?" అని ఆడపడుచు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నోరు చేదుగా ఉందంటే రెండు పిప్పరమెంట్లు ఇచ్చాను. షుగరుందని నాకు తెలీదా? కన్నతల్లి నోరు తెరిచి అడిగితే కాదనమంటావా?"

డాక్టరమ్మ సంచి తెరిపించింది. నిజమే, పిప్పరమెంట్లే. ఒక గుప్పెడు. నవ్వాలో ఏడవాలో తెలియక ఆవిడ కుర్చీలో కూలబడింది. అరగంటలో థియేటరు బండి వస్తుంది. తను మాత్రం పిప్పరమెంట్లు పట్టుకుంది.

అప్పుడు తలగడలోంచి గొంతు వచ్చింది.

"దాన్నెందుకు తిడతావమ్మాయీ? నువ్వు పంపినవి వేసుకుంటూనే ఉన్నాగా. ఒక్కటి మానలేదు."

ఇద్దరూ మంచం మీదకు వంగారు. "నేను పంపినవేంటి అత్తయ్యా?"

"అవే... సగం ఎరుపు, సగం తెలుపు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. నువ్వు పంపావని చెప్పి ఇచ్చింది. పైకి చెప్పొద్దని కూడా నువ్వే అన్నావట. నేనెవరికీ చెప్పలేదు." అత్తగారు చాలా గొప్ప పని చేసినట్టు చెప్పింది. యూనిఫారం వేసుకున్నవాళ్ళు చెప్పింది చెయ్యకపోతే బండి కదలదని ఆవిడ నమ్మకం.

"ఎవరిచ్చారు? ఎవరత్తయ్యా?"

"ముందుకు జరగండి, వెనకాల ఖాళీ ఉంది..." అని అత్తగారు మళ్ళీ మగతలోకి జారిపోయింది.

డాక్టరమ్మ తలగడ కింద చెయ్యి పెట్టింది. వేళ్ళకు రేకు తగిలింది. లాగి చూస్తే మాత్రల అట్ట. ఎరుపు, తెలుపు గొట్టం మాత్రలు. నాలుగే మిగిలాయి. తను ఈ ఆసుపత్రి వార్డుల్లోంచి తీయించేసిన పాత ఐదు రోజుల మందే అది. ఆవిడకు ఒక్క క్షణం ఊపిరి ఆడింది. అనుమానం నిజమైంది, మోకాలు మంచిదే! మరుక్షణం ఆ ఊపిరి కాస్తా ఆగింది, ఎందుకంటే ఆడపడుచు తన వంక చూస్తున్న చూపు అలాంటిది.

"ఓహో!" అంది ఆడపడుచు. "ఊళ్ళోవాళ్ళకి ఒక్క డోసు, సొంత అత్తకి చాటుగా పూర్తి కోర్సు. అంటే నీ రూలు మీద నీకే నమ్మకం లేదన్నమాట. ఇప్పటిదాకా మందివ్వలేదని తిట్టాను. ఇప్పుడు దేనికి తిట్టాలో నువ్వే చెప్పు."

"నేను పంపలేదు వదినా."

"అయితే మా అమ్మ అబద్ధమాడిందా?"

అత్తయ్య అబద్ధమాడదు. తను పంపలేదు. రెండూ నిజమే, రెండూ ఒకచోట ఇమడవు. డాక్టరమ్మకు తన తల తనదేనా అని అనుమానం వచ్చింది. ఎప్పుడైనా అన్నానా? అలసిపోయి, భయపడి, ఎవరితోనైనా "అత్తయ్యకి మాత్రం ఇవ్వండి" అన్నానా? అనలేదు. అననే లేదు. అంటే బాగుండునని ఆపరేషన్ రోజున మనసులో ఒక్కసారి అనిపించిన మాట మాత్రం వాస్తవం. మనసులో అనుకున్నది అట్టలో మాత్రలై తలగడ కిందికి రాదు కదా!

అట్ట గుప్పిట్లో పట్టుకుని ఆవిడ వార్డులోకి వచ్చింది. మొదటి మంచం మీద బేకరీ నడిపే ఆవిడ, పిత్తాశయం తీయించుకుంది. ఆవిడ డాక్టరమ్మ చేతిలోని అట్ట చూసి, చుట్టూ చూసి, గొంతు తగ్గించింది.

"అత్తగారికి ఎలా ఉందమ్మా?"

"ఇలాంటివి ఇక్కడ ఎవరి దగ్గరైనా చూశారా?"

బేకరీ ఆవిడ పక్క మంచం వైపు చూసింది. పక్క మంచంలో ఉన్న, లైబ్రరీలో పనిచేసే ఆవిడ పైకప్పు వైపు చూసింది. ఆసుపత్రిలో రోగులందరూ ఒకేసారి పైకప్పు చూశారంటే అక్కడేదో ఉందనే అర్థం.

"చెప్పండి. నేనేమీ అనను."

"మీరెందుకంటారమ్మా, పంపింది మీరేగా!" అని బేకరీ ఆవిడ నవ్వి తలగడ ఎత్తింది. ఎరుపు, తెలుపు అట్ట. "పెద్దక్క చెప్పింది. డాక్టరమ్మ దయగల మనిషి, పైవాళ్ళ కోసం రూలు పెట్టింది గాని మన కోసం చాటుగా పంపుతోంది, బయట అనకండి అని."

లైబ్రరీ ఆవిడ కూడా తలగడ ఎత్తింది. ఆ పక్క మంచం, దాని పక్క మంచం. ఎవరూ ఎత్తమనకుండానే వరసగా తలగడలు లేచాయి. అందరూ డాక్టరమ్మ వంక కృతజ్ఞతగా చూస్తున్నారు. ఒక ముసలమ్మ లేవలేక చేతులు జోడించింది. డాక్టరమ్మకు ఏడుపొచ్చింది. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

పెద్దక్క అంటే ఆ వార్డు హెడ్ సిస్టరు. ఆసుపత్రిలో అందరూ వద్దన్న రోజున "మేడమ్ చెప్పింది నిజమే" అని మీటింగులో లేచి నిలబడిన ఒకే ఒక్క మనిషి. డాక్టరమ్మ ఆవిడను అక్కా అని పిలుస్తుంది, ఊరికే పిలవదు, మనసులో కూడా అక్కే.

హెడ్ సిస్టరు దుప్పట్ల గదిలో ఉంది. మడతలు లెక్కపెట్టుకుంటోంది. డాక్టరమ్మ తలుపు వేసి అట్ట చూపించింది. హెడ్ సిస్టరు చేతిలో దుప్పటి మడత జారిపోయింది. అయినా ఆవిడ బుకాయించలేదు.

"ఎప్పటి నుంచి అక్కా?"

"మొదటి నెల నుంచే."

"మీరు నా వైపు మాట్లాడారుగా! నా పక్కన నిలబడ్డారుగా!"

"నిలబడ్డాను కాబట్టే ఇచ్చాను" అంది హెడ్ సిస్టరు. "రూలు వచ్చిన కొత్తలో ఒక హెర్నియా పేషంటుకి కుట్టు దగ్గర తడి కనిపించింది. కీళ్ళ డాక్టరు చూస్తే ఇంకేముంది? ఆ ఒక్క కుట్టు చూపించి మీ రూలు చెత్తబుట్టలో వేయించేవాడు. పాత మందు వాపసు పంపమన్నారు గాని అప్పటికి ఇంకా అలమరలోనే ఉంది. నాలుగు మాత్రలు ఇచ్చాను. మానిపోయింది. ఆ తర్వాత ఇంకొకళ్ళకి భయమేసింది, ఇచ్చాను. ఆ తర్వాత ఎవరికి ఇవ్వాలో ఎవరికి మానాలో తెలియలేదు మేడమ్. అందరికీ ఇచ్చేశాను. స్టాకు కూడా ఆగలేదు. కింద మందుల స్టోరువాళ్ళు పాత లెక్కనే పంపుతూ ఉన్నారు."

"నా పేరెందుకు చెప్పారు?"

"మీ పేరు చెబితే నమ్మి నోరు మూసుకుంటారని. నా పేరు చెబితే కీళ్ళ డాక్టర్ని అడుగుతారు." ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "పేషంట్ల ముందు నన్ను ఒక్కమాట అనని డాక్టరు ఈ బిల్డింగులో మీరొక్కరే. మీ రూలు ఓడిపోతే చూడలేననిపించింది. గెలవాలనే చేశాను."

మందు వద్దన్న రూలును గెలిపించడానికి చాటుగా మందు పెట్టడమా! ఇలాంటి సాయం శత్రువు కూడా చెయ్యడు. కోపం రావాలి, వస్తోంది కూడా, కాని దేని మీద పడాలో తెలియక లోపలే గింగిరాలు తిరుగుతోంది.

ఇక బుర్రలో లెక్కలు మొదలయ్యాయి. ఇన్ని నెలలుగా కుట్లు శుభ్రంగా మానుతున్నాయని తను గొప్పగా చెప్పుకుంది. అవి ఒక్క డోసుతో మానిన కుట్లా, మాత్రలతో మానిన కుట్లా? తెలియదు. వేరే ఆసుపత్రుల్లో ఈ పద్ధతి నిలబడింది, అందులో సందేహం లేదు. ఇక్కడ నిలబడిందా, పడిపోయిందా? రెండూ కాదు. ఇక్కడ అసలు ఆట మొదలే కాలేదు. ఇంకోటి కూడా గుర్తొచ్చింది. ఈ మధ్య వార్డుల నుంచి విరేచనాల శాంపిళ్ళు ల్యాబుకు ఎక్కువగా వస్తున్నాయి. వంటగది మీద నెపం వేసి నీళ్ళ ట్యాంకు కడిగించింది తనే.

"అత్తయ్యకి కూడా ఎందుకిచ్చారక్కా?"

"మీ అత్తగారు కాబట్టి మరీ జాగ్రత్తగా ఇచ్చాను" అంది హెడ్ సిస్టరు. ఆవిడ ముఖంలో అబద్ధం లేదు. "ఆవిడకి ఈ జ్వరం ఎందుకొచ్చిందో నాకర్థం కావడం లేదు మేడమ్. అందరికంటే శ్రద్ధగా వేసుకుంది."

"అందుకే వచ్చింది" అంది డాక్టరమ్మ. హెడ్ సిస్టరు ముఖం పాలిపోయింది.

బయట బండి చక్రాల చప్పుడు వినిపించింది. ఇద్దరూ గదిలోంచి పరుగెత్తారు.

అత్తగారి మంచం పక్కన థియేటరు బండి ఆగి ఉంది. పైన స్టాండుకు కొత్త సీసా వేలాడుతోంది, పెద్ద మందు. గొట్టం ఇంకా తగిలించలేదు. ఆడపడుచు చేతిలో కలం ఉంది గాని, సంతకం పెట్టలేదు, పిప్పరమెంట్ల సంచి గుండెలకు అదుముకుని నిలబడింది. కీళ్ళ డాక్టరు మోకాలు చూస్తున్నవాడల్లా లేచి డాక్టరమ్మ దగ్గరికి వచ్చాడు. ఆయన ఎప్పుడూ లేనంత మెత్తగా ఉన్నాడు.

"మీకొక మాట చెప్పాలమ్మా. మీటింగువాళ్ళందరూ నా గదిలో కూర్చున్నారు. వాళ్ళకి నేనే చెప్పాను, నేను పొరపాటుపడ్డానని. ఇన్ని ఆపరేషన్లు చేశాను, మీ పద్ధతిలో ఒక్క కీలూ పాడవలేదు. మీ అత్తగారిదొక్కటీ దురదృష్టం. దీన్ని చూపించి మీ రూలు ఆపనివ్వను. నేనే లేచి చెబుతాను."

ఆ మాట కోసం డాక్టరమ్మ ఎంతకాలం కాచుకుందో! ఎన్నిసార్లు కలగన్నదో! ఇప్పుడు ఆ మాట చెవిన పడుతుంటే ముళ్ళు గుచ్చుకున్నట్టుంది. ఏ మాత్రం తప్పు లేని మనిషి, తనను ఒప్పుకోని మనిషి, రూలును అక్షరాలా పాటించిన మనిషి ఈయనొక్కడే. మోసపోయిందీ ఈయనే.

ఆయన సీసా వైపు చెయ్యి చూపించాడు. "ఒక్కటి అడుగుతాను, చెప్పండి, మొదలుపెడతాను. ఈవిడకి ఆపరేషన్ ముందు పడిన ఒక్క డోసు తప్ప ఇంకేమీ పడలేదు కదా?"

హెడ్ సిస్టరు చెయ్యి మంచం కమ్మీ మీద బిగుసుకుంది. అవునంటే అక్క మిగులుతుంది, రూలు మిగులుతుంది, మిగతా శాఖల్లోనూ తన పేరు మోగుతుంది. అత్తయ్యకు కోత పడుతుంది, పెద్ద మందు పడుతుంది, ఆ పేగులు తట్టుకోవు. తల దిమ్మెక్కిపోయి ఏది ఎటో తెలియని ఆ పొద్దంతటిలో డాక్టరమ్మకు స్పష్టంగా తెలిసింది ఆ ఒక్కటే.

"పడింది" అంది. "రోజూ పడింది సార్. సీసా దించెయ్యండి. మోకాల్లో చీము లేదు, జబ్బు పేగుల్లో ఉంది, ఆ మందు వల్లే వచ్చింది. ఇప్పుడే శాంపిలు పట్టుకెళ్ళి పరీక్ష చేస్తాను. అంతవరకైనా కత్తి పెట్టకండి, యాంటీబయాటిక్ ఎక్కించకండి." ఆగి, ఊపిరి పీల్చుకుని మిగతాది కూడా అనేసింది. "ఈవిడ ఒక్కరికే కాదు. వార్డంతా పడింది. మీ పేషంట్లకి కూడా. మీటింగువాళ్ళకి మీరు చెప్పిన మాట వెనక్కి తీసుకోండి సార్."

కీళ్ళ డాక్టరు తానే చెయ్యెత్తి స్టాండు మీంచి సీసా తీసి పక్కన పెట్టాడు. ఆడపడుచు కలం మూత పెట్టి, తల్లి చెయ్యి పట్టుకుంది. అత్తగారి గండం అంతటితో కొంతైనా తప్పింది.

"ఎవరిచ్చారు?" అన్నాడు కీళ్ళ డాక్టరు. గొంతులోంచి ఆ మెత్తదనం పోయింది.

గుమ్మం దగ్గర బేకరీ ఆవిడ, లైబ్రరీ ఆవిడ, నడవగలిగిన మరో ఇద్దరు వచ్చి నిలబడ్డారు. మంచి మనుషులు. మేలు చేసినవాళ్ళ పేరు చెప్పడానికి వెనకాడరు.

"డాక్టరమ్మే పంపించారండీ" అంది బేకరీ ఆవిడ. "ఆవిణ్ణేమీ అనకండి. మా కోసమే పంపించారు."

"అవునండీ" అంది లైబ్రరీ ఆవిడ.

మంచం మీద అత్తగారు కళ్ళు తెరిచింది. కొడుకు పెళ్ళాన్ని ఎవరో నిలదీస్తున్నారని తెలిసింది కాబోలు, ఉన్న కాస్త బలమూ కూడగట్టుకుని పాత కండక్టరు గొంతుతో అంది. "నా కోడలే పంపింది. అయితే ఏంటి?"

కీళ్ళ డాక్టరు డాక్టరమ్మను కింద నుంచి పైదాకా చూశాడు. డాక్టరమ్మ హెడ్ సిస్టరు వంక చూసింది.

హెడ్ సిస్టరు తల వంచుకుని, దుప్పటి అంచు పరుపు కిందికి దోపుతోంది.